అరచేయి కనిపెట్టిన లోటు

2017 జూన్ నెలలో, తిరుపతి నుంచి రేణిగుంట వెళ్లే దారిలోని ఒక ప్రార్థనా మందిరంలో బేస్ గిటారు వాయించే పనికి నన్ను నెల జీతం మీద తీసుకున్నారు. అంతకుముందు ఇరవై రెండేళ్లు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలలో వాయించాను. మందిరపు సంగీత బృందంలో మొదటి మాట ఆరాధన నాయకుడిది. పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలో, పల్లవి ఎన్నిసార్లు తిప్పాలో అతను వేళ్లతో సైగ చేస్తాడు. అతని తరువాత కీబోర్డు, ఆపైన డ్రమ్స్. బేస్ వాయించేవాడిది చివరి స్థానం. నాలుగు లావు తంతుల మీద అందరికంటే కింది స్వరాలు పలికించి పాటను మోయడం మా పని. సరిగ్గా చేస్తే ఎవరూ గమనించరు.

గమనించే మనిషి ఆ సంఘంలో ఒకామె ఉండేది. ఎస్తేరమ్మకు అప్పటికి అరవై దాటాయి. నలభయ్యో ఏట వచ్చిన జ్వరంలో రెండు చెవులూ పూర్తిగా పోయాయి. చదువు రాదు. ఆడవాళ్ల వైపు చాపల మీద మొదటి వరసలో, నా స్పీకరు పెట్టె పక్కనే కూర్చుని, దాని చెక్క మీద అరచేయి ఆనించేది. నేను నాలుగు స్వరాలు కదిపేసరికి ఏ పాటో పట్టుకుని గొంతెత్తేది. శ్రుతి ఉండేది కాదు, తాళం మాత్రం తప్పేది కాదు. పిల్లలు నవ్వితే ఆమె కోడలు సుజాత కళ్లెర్రజేసేది. ఆమెకు వీలుగా ఉంటుందని ఆ పెట్టెను వేదిక మీది నుంచి దించి నేల మీద పెట్టించాను. ప్రసంగం వినబడదు, బైబిలు వాక్యం చదవలేదు. ఆరాధనలో ఆమెకు నేరుగా దక్కే భాగం అదొక్కటే.

మరుసటి ఏడాది, విశ్వాసాన్ని రగిలించడానికి సంఘం జరిపే ఉజ్జీవ సభలు దగ్గరపడ్డాయి. ఆరాధన నాయకుడు దానియేలు, కొత్త రికార్డింగులలో వినిపించే గరుకు ధ్వని మాకూ కావాలన్నాడు. చెన్నై వెళ్లి ఓవర్‌డ్రైవ్ పెడల్ ఒకటి తెచ్చాను. అది గిటారుకూ యాంప్లిఫయరుకూ మధ్య తగిలించే ఇనుప డబ్బా. కాలితో నొక్కితే స్వరం చిట్లి గరుకెక్కుతుంది. నేను తెచ్చినది లీడ్ గిటారు కోసం చేసినది. అలాంటి వాటిలో కింది ధ్వనిని కావాలనే కోసేస్తారు. బేస్ కోసం చేసిన వాటిలో అసలు ధ్వనిని కూడా కలుపుకోవడానికి వేరే మీట ఉంటుంది. ఈ తేడా నాకు తెలుసు. కానీ వాయించి చూస్తే బేస్ తగ్గినట్టు అనిపించలేదు, పెరిగినట్టే ఉంది. గరుకులో పుట్టే పై ధ్వనులను విని, లేని కింది స్వరాన్ని చెవి తనంతట తానే పూరించుకుంటుంది. అన్నేళ్ల అనుభవం ఉన్న నా చెవీ అదే చేసింది.

సౌండ్ చెక్ పద్ధతి ప్రకారమే జరిగింది. మొదట డ్రమ్స్, తరువాత బేస్, ఆపైన కీబోర్డు, చివర గొంతులు. మిక్సరు చూసే మనిషి హాలు మధ్యలో నిలబడి విన్నాడు.

“ఏమన్నా, నీ గిటారుకి పడిశెం పట్టినాదా? గరగరమంటా ఉండాది,” అన్నాడు డ్రమ్స్ వాయించే సీమోను.

“నువ్వు సుమ్మా ఉండప్పా. ఇప్పుడే దానికి ప్రాణమొచ్చినాది,” అన్నాడు దానియేలు.

ఆ ఆదివారం పాటలన్నీ పెడల్ నొక్కే వాయించాను. ఎస్తేరమ్మ పెట్టె మీద చేయి పెట్టి, తీసి, కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. తరువాత ఎడమ చేయి పెట్టింది. మూడో పాటకు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నా ముఖం వైపు చూసింది. అదంతా నేను చూశాను. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. తరువాతి వారం ఆమె వెనక గోడ దగ్గర కూర్చుంది. ఆపైన రావడం మానేసింది. ఆరు వారాలు నేను ఎవరినీ అడగలేదు. సభల సన్నాహం ఉందని నాకు నేనే సాకు చెప్పుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం మేము అభ్యాసం చేస్తుండగా, ప్రార్థన మనవి రాయించడానికి సుజాత వచ్చింది.

“అత్త సరిగ్గా తినల్యా అన్నా. దేవుడు నా చేతిలోంచి పాట తీసేసినాడు అంటాది. ముప్పై ఏండ్లనాడు సెల్లెలితో కొట్లాడి, ఆమె సచ్చిపోతే మట్టి ఇయ్యడానికి కూడా పోలేదంట. దానికే ఈ శిక్షంట. పొద్దంతా మోకాళ్ల మీదే ఉండాది.”

ఏ ఆదివారం నుంచి అని అడిగాను. చెప్పింది. పెడల్ మొదటిసారి వాడిన ఆదివారమే అది. గిటారు సీమోను చేతికిచ్చి, ఒకే తంతిని మీటుతూ ఉండమని, నేను పెట్టె మీద అరచేయి ఆనించాను. పెడల్ ఆపి ఉన్నప్పుడు అదురు మణికట్టు దాకా వచ్చింది. పెడల్ నొక్కగానే చెక్క చచ్చుబడింది. చెవికి మాత్రం శబ్దం పెద్దదైంది.

అప్పుడే పెట్టెనూ యాంప్లిఫయరునూ గిటారునూ పెడల్‌నూ ఆటోలో వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. పెడల్ లేకుండా వాయిస్తూ, చేయి పెట్టమని సైగ చేశాను. ఎస్తేరమ్మ చేతులు వెనక్కి దాచుకుంది. పెడల్ చూపించి జరిగింది చెప్పాను. సుజాత సైగలతో ఆమెకు అందించింది. ఆమె ఆ డబ్బాను తిప్పి తిప్పి చూసి, నా మీద జాలిపడ్డట్టు నవ్వింది.

“ఈ ఇనపముక్క దేవుడిచ్చినదాన్ని తీసేస్తాదా నాయనా? ఆయనంటే భయం ల్యా నీకు? మూసినోడు ఆయన. నువ్వు దొంగగా తెరిస్తే ఆ పాపం నీకూ సుట్టుకుంటాది. ఎత్తుకపో.”

తప్పు నాదని గుండెల మీద కొట్టుకుని చూపించాను. ఆమె నా తల మీద చేయి పెట్టి నాకోసం ప్రార్థన చేసింది.

దేవుని సెలవు లేకుండా ఏదీ జరగదని, వాయించడంతో పాటు ఆ సంఘం నాకు అప్పగించిన పెద్దల బైబిలు తరగతిలో బోధించినవాణ్ణి నేనే. ఆ పాఠాలను సుజాత ఇంటికి తీసుకెళ్లి అత్తకు సైగలతో చెప్పేది. క్షమాపణ గురించిన వాక్యాలూ నాకు కంఠతా వచ్చు. వాటిలో ఒక్కదాన్నీ ఆ రోజు ఆమె దాకా చేర్చలేకపోయాను. పాస్టరు గారు మూడుసార్లు వెళ్లి వచ్చారు. ఆయన మాటా సాగలేదు. ఎస్తేరమ్మ మరో రెండేళ్లు బతికింది. పండుగలకు వచ్చి గోడ దగ్గర కూర్చుని వెళ్లేది. పెట్టెను మళ్లీ ముట్టుకోలేదు.

నేను పని విరమించే దాకా ఏ పెడల్ తగిలించినా, పెట్టె మీద చేయి ఆనించి చూడకుండా వాయించలేదు. నా తరువాత వచ్చినవాళ్లకూ అదే నేర్పాను. ఈ వృత్తిలో చెవి సాక్ష్యం ఒక్కటే చాలదు. వినేవాళ్లు ఒక్కసారిగా ఊరుకుంటే, ఎందుకని ఆ రోజే అడగాలి. పెడల్ వల్ల వచ్చిన లోపాన్ని నేను ఒక్క క్షణంలో సరిచేశాను. నేను అడగని ఆ ఆరు వారాలలో ఆమె తనకు తాను చెప్పుకున్న కారణాన్ని సరిచేయడం నా చేత కాలేదు.