ఎడమ వైపు గొంతు

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేం కలిసి ఒక ఆల్బమ్ వింటాం. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఎవరూ లేవకూడదు, మాట్లాడకూడదు. అయిపోయాక అందరం కళ్ళు మూసుకుని, పదికి ఎన్ని మార్కులో వేళ్ళతో చూపిస్తాం. వేళ్ళు ఎత్తాకే కళ్ళు తెరవాలి. పక్కవాళ్ళని చూసి మార్చుకోకుండా ఈ పద్ధతి పెట్టింది మా ఆయన. తర్వాత ఎవరి కారణం వాళ్ళు ఒక్క మాటలో చెప్పాలి. "రికార్డు గురించి చెప్పండి, మీ గురించి కాదు" అనేవారు.

ఇది జరిగేది టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, మా తెలుగు చర్చికి వచ్చే ఒక జంట అపార్ట్‌మెంట్‌లో. ఇద్దరూ నన్ను అక్కా అంటారు. ఆ అబ్బాయి నాకు తమ్ముడు లాంటివాడు. కింద ఫ్లోర్ వాళ్ళు శబ్దం గురించి ఒకసారి ఫిర్యాదు చేశారు. అప్పటి నుంచి అందరి హెడ్‌ఫోన్లూ ఒకే చిన్న పెట్టెకి తగిలించి వింటున్నాం. ఆ అబ్బాయి వాళ్ళ నాన్నగారు బాపట్ల నుంచి వచ్చి ఉన్న నెలల్లో ఆయనా కూర్చుంటారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మేమందరం మాస్టారూ అంటాం.

జాజ్, కంట్రీ, రెగే, ర్యాప్, సితార్, పాత సినిమా పాటలు, ఏదైనా సరే, వంతుల ప్రకారం ఒక్కొక్కరం ఎంచుకుంటాం. పోయినసారి మాస్టారు వచ్చినప్పుడు పెద్ద చప్పుడు చేసే ఒక రాక్ ఆల్బమ్‌కి ఏడు వేళ్ళు ఎత్తారు.

"తగ్గిన మూడూ వాళ్ళవి కావు. నా వయసువి" అన్నారు.

"అది కుదరదండీ మాస్టారూ" అన్నారు మా ఆయన. "మీ వయసు రికార్డులో లేదు."

ఆ తర్వాతి వంతు మా ఆయనదే. ఇక్కడి చర్చి పాటల పాత గాస్పెల్ ఆల్బమ్ ఒకటి ఎంచి పెట్టుకున్నారు. "ముందే వినేయకు" అని నాకు చెప్పారు. ఆ వంతు రాకముందే, పోయిన వేసవిలో, గుండె ఆగి పోయారు.

చలికాలంలో మళ్ళీ కూర్చోవడం మొదలుపెట్టాం. ఆయన వంతు దాటేసి వెళ్తూ వచ్చాం. జనవరిలో ఒక శనివారం, ఈసారి ఆయనది పెడదామని నేనే అన్నాను. ఆయన హెడ్‌ఫోన్లే పెట్టుకున్నాను.

వినడం అయింది. కళ్ళు మూసుకుని ఆరు వేళ్ళు ఎత్తాను. కళ్ళు తెరిస్తే అటు తొమ్మిది, ఇటు తొమ్మిది, మాస్టారివి పది.

"ఆరా? నిజంగానా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"పాడేవిడ ఎక్కడో పక్క గదిలో ఉన్నట్టుంది. పియానో ఏమో మీద పడుతోంది. రికార్డు చేసినవాళ్ళ తప్పు."

"పక్క గదేంటమ్మాయ్!" అన్నారు మాస్టారు. "నా చెవిలో నోరు పెట్టి పాడింది. బుగ్గ తుడుచుకుందామనుకున్నాను."

"మావయ్యగారూ!" అని నవ్వింది ఆయన కోడలు.

తమ్ముడు నవ్వలేదు. "అక్కా, ఇందులో వాయిస్ మొత్తం లెఫ్ట్‌లో ఉంటుంది. స్టీరియో కొత్తలో అలాగే చేసేవాళ్ళు. వాయిస్ ఒక వైపు, పియానో ఇంకో వైపు. మీ హెడ్‌ఫోన్‌లో లెఫ్ట్ పోయినట్టుంది."

ఆయన హెడ్‌ఫోన్లు పాడయ్యాయేమోనని ముందు భయపడ్డాను. తమ్ముడు పాట మళ్ళీ పెట్టి, వాటిని తన తలకి పెట్టుకుని విన్నాడు. "బానే ఉన్నాయే" అన్నాడు. వాటిని తిరిగి నా వైపు చాపాడు.

నేను వాటిని తీసుకుని అటుది ఇటు తిప్పి పెట్టుకున్నాను. ఆవిడ నా కుడి చెవి పక్కనే ఉంది. మాటకి ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. పియానో పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

"ఏమైందక్కా?" అంది కోడలు.

"నా ఎడమ చెవి వినిపించడం లేదు."

బయటికి అన్నాక అది నిజమైంది.

చెవి మూసుకుపోయినట్టు రెండు మూడు రోజుల నుంచి ఉంది. సీడర్ చెట్ల పుప్పొడి పడక వచ్చే అలర్జీ అనుకున్నాను. జనవరిలో ఇక్కడ అందరి తలా దిమ్మెక్కే ఉంటుంది. అదొక్కటే కాదు. ఆయన పోయిన దగ్గర్నుంచి నాకు అన్నీ దూరంగానే వినిపిస్తున్నాయి. చర్చిలో పాట, ఆఫీస్‌లో మీటింగ్, ఫోన్‌లో మా అక్క. మనిషి పోతే ఇలాగే ఉంటుందని చదివాను, నమ్మాను. అందుకే పాటలో గొంతు దూరమైనా నాకు వింతగా అనిపించలేదు.

డాక్టర్‌కి ఇప్పుడే కాల్ చేస్తానంది కోడలు. వద్దన్నాను. సోమవారం చూద్దామని చెప్పి కార్ తీసుకుని బయల్దేరాను.

హైవే మీద సైరన్ వినిపించింది. ఎటు నుంచో తెలియలేదు. అద్దాల్లో ఏమీ కనిపించలేదు. ముందు కార్లు పక్కకి జరుగుతున్నాయి. నేను ఎటు జరగాలో అర్థం కాలేదు. ఒక చెవితో శబ్దం ఉందని తెలుస్తుంది కానీ ఎక్కడుందో తెలియదని అప్పుడే తెలిసింది. అంబులెన్స్ నా ఎడమ కిటికీని దాదాపు రాసుకుంటూ వెళ్ళింది. అది పక్కకి వచ్చేదాకా నాకు తెలియలేదు. రోడ్డు పక్కన షోల్డర్ మీద కార్ ఆపాను. కోడలికి ఫోన్ చేశాను.

"కదలకండి అక్కా. వచ్చేస్తున్నాం" అంది.

ఆ సాయంత్రమే అర్జెంట్ కేర్ క్లినిక్‌కి తీసుకెళ్ళారు. అక్కడి డాక్టర్ చెవిలోకి చూస్తున్నంతసేపూ, గులిమి అడ్డం ఉందని చెప్పాలని ప్రార్థించాను. ఏమీ లేదు, చెవి శుభ్రంగా ఉందన్నాడు. అంత భయపెట్టిన మంచి మాట నేనెప్పుడూ వినలేదు. ఇలా హఠాత్తుగా పోయినప్పుడు మొదటి రోజే రావాలన్నాడు. స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి, సోమవారం చెవి డాక్టర్ దగ్గరికి పంపాడు.

చెవి డాక్టర్ దగ్గర గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టారు. చప్పుడు వినిపిస్తే బటన్ నొక్కాలి. కుడి చెవికి గబగబా నొక్కాను. ఎడమ చెవి మొదలయ్యాక ఏమీ లేదు. కాసేపటికి ఏదో ఉన్నట్టు అనిపించింది. అది చప్పుడా, నా ఆశా? బటన్ మీద వేలు బిగుసుకుపోయింది. నొక్కితే కాగితం మీద నా చెవి కొంచెం బాగుంటుంది. రికార్డు గురించి చెప్పు, నీ గురించి కాదు. నొక్కలేదు.

కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి సగమే వస్తుంది, కొందరికి రాదు, మీరు ఎవరిలో ఉన్నారో ఇప్పుడే చెప్పలేను అంది డాక్టర్. తర్వాత కర్ణభేరి గుండా లోపలికి సూదితో మందు ఎక్కించారు. నొప్పికి భయపడలేదు.

దేనికి భయపడ్డానో చెప్పాలి. ఇక్కడ స్టీరింగ్ ఎడమ వైపు ఉంటుంది, కార్‌లో ఎప్పుడూ ఆయనే డ్రైవ్ చేసేవారు. నేను పక్క సీట్లో కూర్చునేదాన్ని. ఇన్నేళ్ళుగా ఆయన మాట నాకు ఎడమ చెవికే వచ్చింది. ఇప్పుడు ఆయన లేరు, ఆ చెవికి వచ్చే మాటా లేదు. అయినా ఆ చెవి పోతే, ఆయన నాతో ఎలా మాట్లాడేవారో అదీ పోతుందనిపించింది. అది తర్కం కాదని తెలుసు. తెలిసినంత మాత్రాన భయం తగ్గలేదు. పైగా ఆయన నా కోసం దాచిన చివరి ఆల్బమ్‌కి, వినకుండానే ఆరు వేశాను.

రోజూ లేవగానే ఎడమ చెవి దగ్గర రెండు వేళ్ళు రుద్ది చూసుకునేదాన్ని. తర్వాత కుడి చెవి దగ్గర. కుడి వైపు చెయ్యి ఎత్తడానికే ఎక్కువ భయం వేసేది.

కొన్ని వారాలకి మళ్ళీ పరీక్ష చేసినప్పుడు కింది స్థాయి శబ్దాలు చాలావరకు తిరిగి వచ్చాయన్నారు. పై స్థాయి సన్నటివి రాలేదు. అవి ఇక రాకపోవచ్చు.

ఆ శనివారం, ఆ ఆల్బమే మళ్ళీ పెట్టమని అడిగాను.

"ఒకసారి మార్కులేస్తే మళ్ళీ వెయ్యకూడదు, బావగారి రూల్" అన్నాడు తమ్ముడు, నా మొహం చూడకుండా.

"ఇంటర్ పేపర్లకే రీవాల్యుయేషన్ ఉందిరా" అన్నారు మాస్టారు. "ఆ పిల్లని అప్లై చేసుకోనీ. ఫీజు నాకు టీ."

హెడ్‌ఫోన్లు సరైన వైపుకే పెట్టుకున్నాను. పాట మొదలవ్వకముందు ఉండే ఖాళీలో తీసేద్దామనుకున్నాను. విని లేదని తెలుసుకోవడం కన్నా, వినకుండా తెలియకపోవడం మేలనిపించింది. ఈలోపు పియానో కుడి వైపు మొదలైంది. ఎడమ వైపు ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. తర్వాత ఆవిడ వచ్చింది.

మాటల చివరలు లేవు. ఊపిరి వినిపించలేదు. కానీ ఆవిడ పక్క గదిలో లేదు. ఎడమ వైపే ఉంది.

అయిపోయాక కళ్ళు మూసుకుని ఎనిమిది వేళ్ళు ఎత్తాను.

"మిగతా రెండూ ఎక్కడ పోయాయమ్మాయ్?" అన్నారు మాస్టారు.

"అవి నావండి."

"మీ ఆయనుంటే ఒప్పుకునేవాడు కాదు" అన్నారు. తల వంచుకుని హెడ్‌ఫోన్ తీగ చుట్టసాగారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు కార్ కోడలు నడిపింది. హైవే ఎక్కాక నా వైపు తిరక్కుండానే ఏదో అంది. సగం వినిపించింది. మళ్ళీ చెప్పమని అడిగాను.