చాటుజేబు

సిద్దిపేట వకీలు వైకుంఠంగారి ఒంటిపై దర్జీ సత్తయ్య కుట్టిన చొక్కా కర్ణుని కవచం వలె అమరేది. "బజారు అంగీ కిరాయి ఇల్లసొంటిది సార్, ఎవనికైనా సరిపోతది" అని నవ్వేవాడు సత్తయ్య. ప్రతి చొక్కాకూ గుండె వైపు లోపల ఒక చాటుజేబు ఉండేది. వాదన ఉన్న రోజున భార్య సులోచన కొమురవెల్లి మల్లన్న పసుపు బండారి పొట్లాన్ని అందులో ఉంచేది. వేలితో దానిని తాకి గాని ఆయన నోరు విప్పేవారు కారు. ఆమె పోయాక తొలిసారి బట్ట తీసుకొని వెళ్లి, కొలతలకు స్తంభంలా నిలబడ్డారు.

"లోపలి జేబు పెట్టాల్నా సార్?"

"వద్దు సత్తయ్యా. ఇగ అండ్ల పెట్టెటోల్లెవరున్నరు?"

ఆ చొక్కాతోనే సోమవారం కోర్టులో వాదనకు లేచారు. వేలు అలవాటుగా గుండె మీదికి వెళ్లింది.

"చెప్పండి" అన్నారు న్యాయమూర్తి, రెండోసారి. వేలు నున్నని బట్టపై ఇంకా వెదుకుతూనే ఉంది.