మా పొలం ఫొటో పెట్టిన సైన్స్ మేడం

మా సైన్స్ మేడం పోయారన్న కబురు ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఫోన్‌లో వచ్చిన ప్రతిదాన్నీ నమ్మకూడదని నేర్పింది ఆవిడే. "ఎవరు చెప్పిండ్రు? వాళ్లు కండ్లార సూసిండ్రా?" అని అడగనిదే ఏ వీడియోనూ మమ్మల్ని ఇంకొకరికి పంపనిచ్చేవారు కాదు. అందుకే బోధన్‌లో ఉన్న ఆవిడ చెల్లెలికి ఫోన్ చేశాను. గ్రూపులో వచ్చిన మాట అబద్ధం కావాలని అంతగా కోరుకోవడం నాకు అదే మొదలు. కానీ నిజమేనట.

నేను ఎడపల్లి బడిలో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు ఆవిడ మాకు సైన్స్ చెప్పారు. పర్యావరణం అంటే మాకు మార్కులొచ్చే పాఠం, అంతే. మా జవాబులు దిద్దుతూ, "పరీక్షల మస్తు చెట్లు నాటుతరు మీరు! నీడకు కూసుందామంటే ఒక్కటి కనవడదు" అని నవ్వేవారు. మాకు రోషం వచ్చేది. ఆవిడకు కావలసిందీ అదే.

ఆ ఏడు వరికోతలయ్యాక, పొలంలో మిగిలిన కొయ్యకాళ్లు కాలిస్తే భూమికి బలమని చెప్పే వీడియో ఒకటి ఊరంతా తిరిగింది. మేడం దాన్ని కొట్టిపారేయలేదు. "ఫోన్ల ఉన్నది సరే, పొలంల ఉన్నదా?" అన్నారు. మా బాపు అప్పటికే సగం మడి కాల్చాడు. మేడం మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి రెండు వైపులా తవ్వించారు. కాల్చని వైపు మట్టిలో వానపాములు మెదిలాయి. కాల్చిన వైపు పైమట్టి గట్టిపడిపోయింది, ఒక్క పురుగూ లేదు. మేము కేకలు పెట్టాం, మేడం మాకన్నా గట్టిగా. ఆ సంబరంలో ఫొటోలు తీసి, కింద బాపు పేరు రాసి, ఊరి గ్రూపులో పెట్టేశారు.

సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర అందరూ బాపును ఆటపట్టించారట. "ఏం పటేలా, భూమిని సంపినవట గద!" బాపు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "రేపటి సంది నీ బడి బంద్" అన్నాడు నాతో. ఆ రాత్రంతా ఏడ్చాను.

పక్కింటి పిల్ల చెప్పిందట, తెల్లారేసరికి మేడం మా వాకిట్లో ఉన్నారు, మా క్లాసు వాళ్లందరినీ వెంటబెట్టుకుని.

"అన్నా, తప్పు నాది. ఒక్క మడి సూసి ఊరందరికి చెప్పిన, గది సైన్స్ గాదు. నిన్ను అడగకుండ నీ పేరు పెట్టిన, గది మర్యాద గాదు. నా మీది కోపం బిడ్డ మీద తియ్యకు."

పిల్లల ముందు అలా ఒప్పుకున్న పెద్దవాళ్లను నేను అంతకుముందు చూడలేదు. బాపు గోడకు ఆనించిన మంచం వాల్చాడు. అమ్మతో, "మేడంకు చాయ్ పెట్టు" అన్నాడు. నేను బడి సంచీ అందుకున్నాను. ఆ తర్వాతి ఏడు నుంచి బాపు కొయ్యకాళ్లను కాల్చకుండా దున్నించేస్తున్నాడు. ఎందుకని మేము అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇవాళ నేను నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతున్నానంటే ఆ పొద్దుటి పూట ఆవిడ మా వాకిట్లో నిలబడబట్టే.

నిన్న బోధన్‌లో మేడంను మట్టి చేశారు. అందరితోపాటు బాపు కూడా సమాధిలో పిడికెడు మట్టి వేశాడు. తిరిగొస్తుంటే దారి పొడవునా పొలాల్లో పొగ. బాపు బండి ఆపాడు.

"ఆ ఫొటో ఉన్నదా నీ కాడ?"

ఉందన్నాను.

"గ్రూపుల పెట్టు బిడ్డా. కింద నా పేరు రాయి. ఈసారి నేనే చెప్తున్న."

ఫొటో వెళ్లేదాకా, చేతికంటిన మట్టి దులుపుకోకుండా, నా భుజం మీదుగా ఫోన్‌లోకి చూస్తూ నిలబడ్డాడు.