జీపులో మధ్యాహ్నం కునుకు

ఆళ్లగడ్డ జీపు స్టాండులో చెన్నకేశవులుతో గొడవ పెట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. మనిషి బక్కపలచన. కళ్లు మాత్రం ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. కొత్తవాళ్లు తాగుడనుకునేవారు. అతను చుక్క ముట్టడు. అవి నిద్రలేని కళ్లు. తెల్లవారకముందే, మబ్బులోనే అహోబిలానికి మొదటి ట్రిప్పు వేసి, చీకటి పడ్డాక చివరి భక్తులను దించి ఇల్లు చేరేవాడు. పడుకున్నా నిద్ర సరిగ్గా పట్టేది కాదు. మధ్యాహ్నం ఎండకు మిగతా డ్రైవర్లు జీపుల్లో నడుం వాలిస్తే, "పగలు నిద్రేందిరా, సోమరి నా కొడకల్లారా!" అని డోర్లను తన్ని లేపేవాడు.

ఇంట్లోనూ అంతే. ఒకసారి కూరలో ఉప్పు ఎక్కువైందని భార్య నాగేశ్వరమ్మను చెంప మీద కొట్టాడు. వేలు కమ్మకు తగులుకుని ఆమె చెవి తెగింది. రక్తం కారుతున్న చెవిని కొంగుతో అదుముకుని ఆమె బండిఆత్మకూరులోని పుట్టింటికి వెళ్లిపోయింది.

ఆ ఎండాకాలంలోనే సుందరరాజు సంగతి జరిగింది. సుందరరాజు వయసులో చిన్నవాడు, మెత్తటి మనిషి. మధ్యాహ్నం అతని జీపులో భక్తులు ఎక్కుతుంటే చెన్నకేశవులు వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"సీరియల్ నాది, ఈ ట్రిప్పు వంతు నాదే. దించు వాళ్లను."

"నీది ఇందాకనే అయిపాయె గదన్నా. నువ్వు పోయొచ్చినావ్."

"నేను అబద్ధం చెప్తాండానా?"

జవాబు వచ్చేలోపే సీటు కింద ఉన్న జాకీ రాడ్డు చెన్నకేశవులు చేతిలో ఉంది. మొదటి దెబ్బకు సుందరరాజు దవడ విరిగింది. కింద పడ్డవాణ్ణి భుజం మీద మళ్లీ కొట్టాడు. మూడో దెబ్బకు చేయి లేపగానే నలుగురు మీద పడి పట్టుకున్నారు. భక్తులు కేకలు పెడుతూ పరుగెత్తారు. మట్టిలో రక్తం, విరిగిన పళ్లు. అప్పుడు గుర్తొచ్చింది చెన్నకేశవులుకు, తను నిజంగానే ఆ ట్రిప్పు పోయి వచ్చానని.

నంద్యాల సబ్ జైల్లో వేశారు. మొదటి రోజే, కాలు తగిలిందని రామయ్య అనే ముసలి రైతు గొంతు పట్టుకున్నాడు. ముసలాయన విడిపించుకోలేదు. కళ్లలోకి చూసి అడిగాడు.

"ఎన్నాళ్లాయెనప్పా నువ్వు నిద్రపోయి?"

చెన్నకేశవులు చేయి వదులైంది.

"నేను గూడా నీ మాదిరే. నీళ్లు కట్టేకి రాత్రుళ్లు మేలుకుని మేలుకుని, ఒక దినం గట్టు కాడ మా చిన్నాయన కొడుకును పారతో కొట్టినా. తల పగిలి ఆడనే చచ్చిపాయె. నువ్వు కొట్టినోడు బతికినాడు. పండుకో పో."

మధ్యాహ్నం అన్నాలు పెట్టి తాళాలు వేశారు. చేయడానికేమీ లేక చెన్నకేశవులు గోడవారన ఒరిగాడు. టీ ఇచ్చే వేళకు లేచాడు. తలలో ఎప్పుడూ మోగే రొద లేదు. తను కొట్టిన దెబ్బలు అప్పుడు ఒక్కొక్కటిగా కళ్లముందుకొచ్చాయి. మోకాళ్లలో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. ఆ తర్వాత జైల్లో ఉన్నన్నాళ్లూ పగటి కునుకు మానలేదు.

బెయిలు మీద వచ్చాక కూడా అన్నం తిని అరగంట జీపులోనే పడుకునేవాడు. తర్వాతే బండి తీసేవాడు. "కోపం పోలేదప్పా. వస్తాండేది ముందే తెలుస్తాంది, అంతే," అనేవాడు. నాగేశ్వరమ్మ తిరిగొచ్చింది. అయినా అతని చేయి గబుక్కున లేస్తే ఆమె ఇప్పటికీ తల పక్కకు తిప్పుకుంటుంది.

ఒక మధ్యాహ్నం అతను నిద్రలో ఉండగా జీపు అద్దం భళ్లున పగిలింది. గాజుముక్కలు ముఖంలో దిగాయి. సుందరరాజు, అతని బామ్మర్ది కట్టెలతో నిలబడి ఉన్నారు. చెన్నకేశవులు చేయి సీటు కిందకు పోయింది. రాడ్డు తగిలింది. పట్టుకున్నాడు. తర్వాత వదిలేసి, ఉత్త చేతులతో కిందకు దిగాడు.

"కొట్టుకో సుందరా. నేను చేయి లేపను."

"రెండు నెల్లు గంజి తాగి బతికినా రా నేను!" అంటూ సుందరరాజు కట్టె ఎత్తాడు. చెన్నకేశవులు ఎడమ మోచేయి పటుక్కుమంది. బామ్మర్ది వీపు మీద బాదాడు. నేల మీద పడ్డా చెన్నకేశవులు తల కాచుకున్నాడే గానీ తిరగబడలేదు. ఇంకో దెబ్బకు కట్టె ఎత్తిన సుందరరాజు అలాగే ఆగిపోయి, దాన్ని రోడ్డు మీదకు విసిరేశాడు.

ఆ చేయి ఇప్పుడు సగమే వంగుతుంది. చెన్నకేశవులు ఫిర్యాదు ఇవ్వలేదు. తర్వాత కోర్టులో పాత కేసుకు సుందరరాజు రాజీకి ఒప్పుకున్నాడు. వాళ్లిద్దరికీ ఈనాటికీ మాటల్లేవు. ఎందుకు రాజీ పడ్డావని స్టాండులో ఎవరో అడిగితే, వంకరపోయిన దవడతో సుందరరాజు ఇలా అన్నాడు: "ఆపొద్దు వాడు రాడ్డు పట్టుకునేది నేను చూసినా. ఇడిసిపెట్టి దిగినాడు. పాత కేశవులైతే నన్ను చంపేసింటాడు."