బీరువాలో మలీద

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదు. పెళ్లయి ఆరు నెలలు, చేతిలో ఫోను, ఆ ఫోనులో ఆరోగ్యం గురించి బోధించే బోలెడంతమంది. పండగంటే మనిషి మీద నెయ్యి జరిపే దాడి అనీ, దాన్ని తిప్పికొట్టడానికి దేవుడు నన్ను ప్రత్యేకంగా పంపాడనీ గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పుడు అన్నం ముట్టని మా మూడేళ్ల పిల్ల వెనక గిన్నె పట్టుకుని ఇల్లంతా తిరిగే నేను (రెండు ముద్దలు తక్కువ తింటే ఆ రోజంతా నాకు గుండెదడ), ఒకప్పుడు హాయిగా తినే మనిషి చేతిలోంచి గిన్నె లాక్కున్నానంటే నాకే నమ్మకం కుదరదు.

లాక్కున్నది మా అత్తయ్య చేతిలోంచి. మా పుట్టింటివాళ్లు కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డారు. అత్తయ్యవాళ్లది నల్గొండ దగ్గర పల్లె, అల్మాస్‌గూడలో ఇల్లు కట్టుకున్నారు. ఇంట్లో ఆమె, మా ఆయన, నేను. బతుకమ్మ పండక్కి కాస్త ముందు ఎల్‌బీ నగర్ దవాఖానలో డాక్టరుగారు ఆమె షుగర్ రిపోర్టు చూసి, "ఒక నెల చూద్దాం. తగ్గకపోతే ఇన్సులిన్ సూది తప్పదు" అన్నారు. పాము కనబడితే కర్ర పట్టుకుని ఎదురెళ్లే మనిషి, సూది మాట వినగానే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నువ్వేం పెడితె గదే తింట బిడ్డా. సూది మాత్రం ఒద్దు" అంది.

ఇంకేం, వంటిల్లు నా చేతికొచ్చింది. బియ్యం డబ్బా అటక ఎక్కింది, కొర్రలు కిందికి దిగాయి. నూనెను చెంచాతో కాదు, బ్రష్షుతో రాయడం మొదలుపెట్టాను. "నాకింత జొన్నరొట్టె చాలు గదా, గివన్నెందుకు?" అని అత్తయ్య రోజూ అడిగేది. జొన్నరొట్టె అప్పటికే ఆరోగ్యకరమైనదని నాకు తట్టలేదు. ఎందుకంటే అది వీడియోలో రాలేదు.

ఇంతలో పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ వచ్చింది. ఆ రోజు రకరకాల కలిపిన అన్నాలూ, మలీదా చేస్తారని విన్నాను. రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి చేసేదే మలీద. అత్తయ్య చేసే మలీదకు కాలనీలో పెద్ద పేరుందనీ విన్నాను. వినకుండా వదిలేసిందల్లా ఒక్కటే, వండినదాన్ని ఏం చేస్తారో. మా వైపు బతుకమ్మ లేదు. గౌరమ్మకు చూపించి ఇంటికి తెచ్చుకుంటారనుకున్నాను. అత్తయ్య తెల్లారినప్పటి నుంచి తంగేడు పూలూ గునుగు పూలూ పేర్చడంలో మునిగిపోవడంతో, మలీద బాధ్యత నేనే తీసుకున్నాను. రొట్టెల బదులు ఓట్స్, బెల్లం బదులు ఖర్జూరం, నెయ్యి బదులు అవిసె గింజల పొడి. (ఖర్జూరంలో ఉన్నదీ చక్కెరేనని ఆ వీడియో చివర్లో చెప్పారట. నేను చివరిదాకా చూడలేదు.) గరిటె నిలబెడితే నిలబడిపోయింది. బలంగా ఉందని సంబరపడ్డాను.

సాయంత్రం ఆటలయ్యాయి, బతుకమ్మలను నీళ్లలో వదిలారు. అప్పుడు ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని డబ్బాల మూతలు తీశారు. "ఇస్తినమ్మా వాయినం" అని ఒకరు పెట్టడం, "పుచ్చుకుంటినమ్మా వాయినం" అని ఇంకొకరు కొంగు పట్టడం. వండినదాన్ని పంచుతారని నాకప్పుడు తెలిసింది. వాయినం ఇవ్వనంటే కుదరదు, వద్దంటే అసలే కుదరదు. మొదటి కొంగు మైకు పెద్దమ్మది. (కాలనీలో ఏ పండగైనా మైకు ఆమె చేతిలోనే ఉంటుంది.)

"తే పిల్లా తే, మీ అత్త మలీద కోసం యాడాది సంది నోరూరుతున్నది" అంటూ ఒక ముద్ద నోట్లో వేసుకుంది. దవడలు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి.

"ఏంది పిల్లా, గిది లప్పమా? మొన్న మా గోడలకు పెట్టంగ మిగిలింది అచ్చం గిట్లనే ఉండె!"

పక్కనే గుంటూరు పిన్నిగారు నన్ను కాపాడబోయారు. "పోనిద్దురూ, చిన్నపిల్ల, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. కాస్త ఆ మంచినీళ్లు ఇలా ఇవ్వండమ్మా, గొంతులో ఇరుక్కుంది."

అందరూ అత్తయ్య వైపు చూశారు. ఆమె డబ్బాలోకి తొంగిచూసింది. ఏళ్ల తరబడి సంపాదించుకున్న పేరు అందులో గట్టిపడి ఉంది. పెద్ద ముద్ద తీసి నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, మింగి, "నా షుగర్ కోసం జేసింది నా కోడలు. నాకైతే మంచిగనే ఉంది. మీకు పండ్లు లెవ్వా ఏంది?" అంది. నవ్వుల్లో నా పరువు బతికి బయటపడింది.

అసలు దెబ్బ తర్వాత పడింది. వాయినం అందుకున్న ప్రతి ఒక్కరూ తిరిగి మాకు పెట్టారు. మా డబ్బాలోంచి వెళ్లింది లప్పం. అందులోకి వచ్చింది పదకొండిళ్ల మలీద, వేళ్ల సందుల్లోంచి నెయ్యి కారేది. నేను ఇంట్లోకి రానివ్వనని ఒట్టు పెట్టుకున్న నెయ్యంతా నేనే మోసుకొచ్చాను.

"ఒక్క ముద్ద పెట్టు బిడ్డా, పెసాదం" అంది అత్తయ్య, గడప దాటగానే.

"వచ్చే వారమే పరీక్ష. సూది గుర్తుందా అత్తయ్యగారూ?" అన్నాను. ఆమె వెళ్లి పడుకుంది. గెలిచానని గర్వపడ్డాను. (ఆ గర్వం గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.)

ప్రసాదం పారేయలేను. పనావిడ ఇంట్లో ఆవిడ మలీదే ఉంది. మా ఆయన తీపి ముట్టడు (పెళ్లిచూపుల్లో ఆయన గురించి నాకు తెలిసిన ఏకైక సుగుణం అదే). డబ్బాను బీరువాలో పట్టుచీరల వెనక దాచాను. మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య కునుకు తీయగానే, పాడవుతుందేమోనని కాస్త రుచి చూశాను. ఆ మర్నాడు పాడైందేమోనని చూశాను. మూడో రోజు నుంచి కారణాలు వెతుక్కోవడం మానేశాను. బీరువా తలుపు ఒక చేత్తో పట్టుకుని, నిలబడే, గబగబా తినేదాన్ని. వారం తిరిగేసరికి డబ్బా ఖాళీ, నా జాకెట్టు కుట్లు ఒక పక్క విడిపోయాయి.

పరీక్ష రోజు రిపోర్టు తెరిచేవరకూ అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. డాక్టరుగారు చూసి, "బాగా తగ్గిందమ్మా. సూది అక్కర్లేదు. రోజూ నడిచారా?" అన్నారు.

"నడుసుడేంది సారూ, తొమ్మిది రోజులు బతుకమ్మ ఆడిన. తిండి మా కోడలు జూసింది."

డాక్టరుగారు కళ్లద్దాలు సర్దుకుని నన్ను పైనుంచి కిందికి చూశారు. "మీరూ ఆ తిండే తింటున్నారా?"

తిరుగు ప్రయాణంలో ఆటో బడంగ్‌పేట్ రోడ్డు గుంతల్లో ఎగురుతుంటే, అత్తయ్య బయటికి చూస్తూ అంది. "పగటీలి బీరువ కిర్రుమంటె నిద్రవడ్తదా నాకు?"

"మరి అడగలేదేం అత్తయ్యగారూ?"

"ఏమడుగుత? సూదికి నాకన్న నువ్వే ఎక్కువ భయపడ్తున్నవ్. నేను లేసొస్తె నువ్వు పరేషానయితవని కండ్లు మూసుకున్న. గానీ ఒక్కదానివే నిలవడి తినుడు మంచిగలేదు బిడ్డా. పిలిస్తె పక్కన కూసుంటుంటి. తినకపోయినా."

ఇప్పుడు సద్దుల రోజున రొట్టెలు ఆమె నలుపుతుంది, నెయ్యి నేను పోస్తాను. తన వాటా అరముద్ద అని ఆమే చెప్పింది, ఆ అరముద్దనూ పావుగంటసేపు తింటుంది. ఆ బీరువా ముందు, నోటినిండా మలీదతో, గుమ్మం వైపు బెదురుగా చూస్తూ నిలబడ్డ ఆ కొత్తకోడలు అప్పుడప్పుడు గుర్తొస్తుంది. పాపం, అంత కష్టపడి ఒకరిని కాపాడుతున్నానని ఎంత నమ్మిందో. పక్క గదిలో ఒక మనిషి కళ్లు గట్టిగా మూసుకుని తనను కాపాడుతోందని దానికేం తెలుసు.