ఐరిస్ నొక్కిన ముప్పై ఒక్క బటన్లు

మాంసం కొట్టు దగ్గర వరసలో నిలబడితే మా ఊళ్ళో ఏ మాటైనా చెవిన పడుతుంది. పోయిన వారం నా చెవిన పడిన మాట ఇది: అథోల్ బ్రామిచ్ కుళ్ళుబోతట. జబ్బుపడ్డ అతని పెళ్ళాం కోసం కెల్విన్ పైబస్ నెలల తరబడి కూర్చుని టీవీ రిమోట్ పనిచేసేలా చేసిపెట్టాడట. ఆ మంచిపనికి మరమ్మతుల షెడ్డువాళ్ళంతా కలిసి కెల్విన్‌కి టీ పార్టీ ఇస్తే, అథోల్ కేకు ముక్కైనా ముట్టకుండా, షెడ్డు తాళంచెవి బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడట.

తాళంచెవి సంగతి నిజం. కేకు ముట్టని సంగతీ నిజమే. ఆ కేకు చేసింది నేనే గనక అతని పళ్ళెం ఖాళీగా ఉండటం కళ్ళారా చూశాను. మిగతాదంతా తలకిందులు. అది సరిచేయకుండా ఊరుకుంటే నాకు అన్నం సహించదు.

అథోల్‌ది మా పక్కిల్లు. మా బర్నీ ఊళ్ళోని కాగితం మిల్లులో ముప్పై నాలుగేళ్ళు మరమ్మతు పని చేశాడు. నలుగురిలో నోరు విప్పడు. గేటు దగ్గర నేను పది మాటలడిగితే ఒకదానికి జవాబు చెప్పి, మిగతా తొమ్మిదీ కోళ్ళకి గింజలు చల్లుతూ దాటేస్తాడు. ఐరిస్ అలా కాదు, నవ్వుల మనిషి. ఆమె పూర్వం టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో పనిచేసింది. ఊళ్ళో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నారో అంతా తెలుసు, ఒక్క ముక్క బయటికి చెప్పేది కాదు. ఆ ఒక్క విషయంలో ఆమె మీద నాకు ఎప్పుడూ కోపమే.

ఐరిస్‌కి నరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు వచ్చింది. ముందు కాళ్ళు పోయాయి, తర్వాత ఎడమ చెయ్యి, ఆ తర్వాత మాట. చివరికి మిగిలింది కుడిచేతి బొటనవేలు. అట్ట మీద రాసిన అక్షరాల మీద ఆ వేలు జరిపి మాట్లాడేది. చక్రాల కుర్చీ ఇంట్లోకి ఎక్కడానికి చెక్కలతో వాలుదారి కట్టింది కెల్విన్. ఆ మాట దాచను. అథోల్, కెల్విన్ నలభై ఏళ్ళ స్నేహితులు.

ఐరిస్‌కి టీవీయే లోకమైంది. కానీ కొత్త రిమోట్ బటన్లు కందిపప్పు గింజలంత. ఆమె వేలు వాటి మీద నిలిచేది కాదు. అథోల్ సొరుగులు వెతికి ఒక పాత రిమోట్ తీశాడు. దాని వీడియో యంత్రం ఎప్పుడో చెత్తకుప్పకి పోయింది. రిమోట్ బటన్లు మాత్రం ఒక్కొక్కటీ చొక్కా గుండీ అంత, ఉబ్బెత్తుగా. ఐరిస్ వేలు వాటి మీద కుదురుగా నిలిచింది.

మా ఊరి మగవాళ్ళకి ఒక షెడ్డు ఉంది. పనుల్లోంచి దిగిపోయినవాళ్ళంతా అక్కడ చేరి గడ్డి యంత్రాలు బాగుచేస్తారు, కుర్చీలకి కాళ్ళు వేస్తారు. వెనకవైపు కంప్యూటర్ల బల్ల. దానికి పెద్ద కెల్విన్. బడులవాళ్ళు పారేసిన కంప్యూటర్లు తెచ్చి, దుమ్ము దులిపి, వాటిని నడపడానికి లినక్స్ అనేది ఎక్కిస్తారు, దానికి పైసా ఖర్చు లేదు గనక. అలాంటిదొకటి అథోల్ ఇంటికి తెచ్చి టీవీకి తగిలించాడు. ఐరిస్‌కి ఇష్టమైన కార్యక్రమాలన్నీ అది పట్టి దాచిపెట్టి, కావాలన్నప్పుడు చూపిస్తుంది. అయితే రిమోట్ మాట వినాలంటే దానికి కన్నుండాలి. మన కళ్ళకి కనిపించని వెలుతురుతో రిమోట్ మాట్లాడుతుందట. ఆ వెలుతురు చూసే నల్లటి చిన్న ముక్క కొని, పొగాకు డబ్బాలో బిగించి, తీగలు అతికి, కంప్యూటర్ వెనక గుచ్చాడు అథోల్.

కన్ను ఒక్కటీ చాలదు. ఏ బటన్ ఏమంటుందో కంప్యూటర్‌కి నేర్పాలి. మామూలు రిమోట్లకైతే లోకంలో ఎవరో ఒకరు ఆ పని చేసి, ఇంటర్నెట్లో అందరికీ ఉమ్మడిగా ఉండే జాబితాలో పెట్టి ఉంటారు. అడగకుండానే తీసుకోవచ్చు. ఈ రిమోట్‌కి ఎవరూ చేయలేదు. ఎవరూ చేయనిది చేసినవాళ్ళు, బటన్ల వివరాలన్నీ ఉండే ఆ కంప్యూటర్ కాగితం పైన తమ పేరు రాసి జాబితాకి పంపాలి. అది వాళ్ళ మర్యాద. జీతం లేదు, బహుమానం లేదు. పైన రాసిన ఆ పేరొక్కటే వాళ్ళకి దక్కేది.

ఇదంతా నాకెలా తెలుసంటారా? జూన్ నెలలో వరసగా నాలుగు రోజులు ఆ ఇంటి కర్టెన్లు పదకొండు గంటలకి మూసే ఉన్నాయి. వేడి స్కోన్ రొట్టెలు పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళి తలుపు తట్టాను.

"ఏంటయ్యా ఇది, పట్టపగలు చీకట్లో కూర్చున్నారు?" అన్నాను.

"ఎండ పడితే ఆ కన్నుకి తికమక," అన్నాడు అథోల్. "లోపలికన్నా రా, బయటికన్నా పో థెల్మా. తలుపు మాత్రం ముయ్యి."

లోపల ఐరిస్ కుర్చీలో ఉంది. ఒళ్ళో దిండు, దిండు మీద రిమోట్. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆమె మణికట్టు కింద చెయ్యి ఆనించి పట్టుకున్నది కెల్విన్. ఆమె బటన్ నొక్కితే తెర మీద చుక్కలు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి. నాలుగు చుక్కలు పడి ఆగిపోయాయి.

"పోయింది," అన్నాడు కెల్విన్. "మళ్ళీ మొదటినుంచీ."

"ఏం పోయింది?"

"పది సెకన్లలో మళ్ళీ నొక్కకపోతే కంప్యూటర్ అలిగి మానేస్తుంది."

"పది సెకన్లే? మా ఆయన కుర్చీలోంచి లేవడానికే అర నిమిషం పడుతుంది."

"అందుకే ఆయన్ని పిలవలేదు," అన్నాడు కెల్విన్. ఐరిస్ భుజాలు కదిలాయి. ఆమె నవ్వు అప్పటికి అంతే మిగిలింది.

"మరి నువ్వే నొక్కేయొచ్చుగా అథోల్? పావుగంట పని," అన్నాను.

ఐరిస్ కళ్ళు నా వైపు తిరిగాయి. అథోల్ అక్షరాల అట్ట తెచ్చి ఆమె వేలి కింద పెట్టాడు. వేలు ఒక్కో అక్షరం మీద ఆగి ఆగి కదిలింది. 'నా రిమోట్.' అంతే. ఆ రెండు మాటలయ్యేసరికి కప్పుల్లో టీ చల్లారిపోయింది.

రోజుకి ఒక బటన్. కొన్ని రోజులు అదీ లేదు. ముప్పై ఒక్క బటన్లకి ఏడు వారాలు పట్టింది. ప్రతి బటన్‌కీ ఏం పేరు పెట్టాలని కంప్యూటర్ అడిగేది, ఐరిస్ అట్ట మీద చెప్పేది, అథోల్ టైపు చేసేవాడు. ఆ పేర్లేంటని నేనడిగితే ముగ్గురూ కూడబలుక్కున్నట్టు పైకప్పు వైపు చూసేవారు.

పని పూర్తయిన రోజు శుక్రవారం. ఐరిస్ తన వేలితో తోటపని కార్యక్రమం పెట్టుకుని, మధ్యలో ఆపి, మళ్ళీ నడిపించింది. అథోల్ ఆ కాగితం పైన 'ఐరిస్ బ్రామిచ్' అని రాశాడు. వాళ్ళింట్లో ఇంటర్నెట్ లేదు. చిటికెన వేలంత పెన్‌డ్రైవ్ పుల్లలో దాన్ని ఎక్కించి కెల్విన్ చేతికిచ్చాడు.

"ఇవాళే పంపుతా," అన్నాడు కెల్విన్. వంగి ఐరిస్ చెవి దగ్గర, "నీ పేరు జర్మనీ దాకా పోతుంది చూడు," అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఈ రెండు చెవులతో విన్నాను.

జర్మనీ నుంచి నిజంగానే ఉత్తరం వచ్చింది. ఆగస్టులో షెడ్డు గోడకి గుచ్చి ఉంది. ఎవరో పెద్దాయన తల్లికి కూడా అదే రిమోట్ ఉందట, అది మళ్ళీ పనిచేస్తోందని కృతజ్ఞతలు. పైన మాత్రం 'ప్రియమైన కెల్విన్ గారికి' అని ఉంది.

ఆ ఉత్తరం ఐరిస్‌కి గదా రావాల్సింది అనుకున్నాను. నేను ఆరో తరగతితో చదువు ఆపినదాన్ని, కంప్యూటర్ తెరవడం చేతకాదు. లైబ్రరీలో పనిచేసే రోజ్లిన్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ జాబితా వెతికించాను. దొరికింది. పైన 'కెల్విన్ పైబస్' అని ఉంది. ఐరిస్ పేరు ఎక్కడా లేదు.

రోజ్లిన్ కిందికి జరుపుతూ బటన్ల పేర్లు పైకి చదివింది. "తోట... క్రికెట్... టీ తాగొస్తా... ఇవేం పేర్లు?... థెల్మా..." ఆగి నా వైపు చూసింది. "ఇందులో నీ పేరుందేంటి?"

పైన ఉన్న పేరు మార్చినవాడు కింద ఉన్న ముప్పై ఒక్క పేర్లూ అలాగే వదిలేశాడు. అలా పేర్లు పెట్టే మనిషి బర్నీలో ఒక్కతే ఉంది.

లైబ్రరీ నుంచి నేరుగా షెడ్డుకి పోయాను. కెల్విన్ స్క్రూలు ఏరుతున్నాడు.

"ఏమయ్యా కెల్విన్, ఆ కాగితం మీద నీ పేరేంటి?"

"అది పంపినవాళ్ళ పేరు రాసే చోటు. పంపింది నేను."

"ఐరిస్ పేరు ఉన్నచోటే కదా నీది రాశావు?"

"ఏదైనా సందేహం వస్తే జనం ఎవరికి రాయాలి? ఆమె జవాబివ్వగలదా?" తల ఎత్తలేదు. "చిన్న విషయం థెల్మా. పెద్దది చెయ్యకు."

"చిన్నదైతే తిరిగి రాసెయ్యి."

స్క్రూల డబ్బా మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

అక్కణ్ణించి అథోల్ ఇంటికి వచ్చాను. ఐరిస్ మంచంలో ఉంది. ఏం మాట్లాడాలో తోచక, "ఐరిస్, అందులో థెల్మా అన్న బటన్ ఏది?" అన్నాను. ఆమె కళ్ళు మెరిశాయి. వేలు మెల్లగా జరిగి ఒక బటన్ మీద పడింది. టీవీలో మాట్లాడుతున్నవాడి నోరు ఆడుతోంది, మాట లేదు.

నా పేరు పెట్టింది టీవీ నోరు మూయించే బటన్‌కి. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఐరిస్ భుజాలు చాలాసేపు కదిలాయి.

తర్వాత ఆమె వేలు అట్ట కోసం వెతికింది. 'నా పేరు చూశావా' అని అడిగింది.

మంచం పక్కన గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. అథోల్ తన దగ్గరున్న మొదటి ప్రతిని అచ్చు తీసి పెట్టాడు. దాని మీద 'ఐరిస్ బ్రామిచ్' అని ఉంది. ఆమె రోజూ అదే చూస్తూ, లోకమంతా చూస్తోందనుకుంటోంది. అథోల్ మంచం తలవైపు నిలబడి నన్నే చూస్తున్నాడు. అతనికి అంతా తెలుసని ఆ చూపుతో తెలిసింది.

"చూశాను," అన్నాను. "అన్నిటికంటే పైన ఉంది."

నేను పుట్టి బుద్ధెరిగాక చెప్పిన అబద్ధాల్లో నోరు తడబడకుండా చెప్పింది అదొక్కటే.

ఐరిస్ అక్టోబరులో పోయింది. నవంబరులో రిమోట్ సంగతి విని పత్రికవాళ్ళు వచ్చి కెల్విన్ ఫొటో తీశారు. ఆ ఫొటో అచ్చైన వారమే టీ పార్టీ. కెల్విన్ లేచి, "ఒక పొరుగింటి ఇల్లాలి కోసం నాకు చేతనైంది చేశాను," అన్నాడు. ఆ ఇల్లాలికి పేరుందన్నట్టు కూడా చెప్పలేదు. అథోల్ లేచాడు, జేబులోంచి తాళంచెవి తీసి కేకు పళ్ళెం పక్కన పెట్టాడు, వెళ్ళిపోయాడు. అరవలేదు, పడేయలేదు. పెట్టాడు.

మాంసం కొట్టు దగ్గర ఆ మాట విన్న రోజే గుమ్మడి సూపు గిన్నె తీసుకుని అతని పెరట్లోకి వెళ్ళాను. కోళ్ళకి నీళ్ళు పోస్తున్నాడు.

"ఇన్నాళ్ళూ ఐరిస్‌కి తెలుస్తుందని ఊరుకున్నావు, అర్థమైంది," అన్నాను. "ఇప్పుడామె లేదు. ఊరంతా నిన్ను కుళ్ళుబోతంటోంది. ఆ జాబితావాళ్ళకి నువ్వే ఎందుకు రాయవు అథోల్?"

ఈసారి గింజల డబ్బా అందుకోలేదు. నీళ్ళ చెంబు కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"రాస్తే పది నిమిషాల్లో మారుస్తారు థెల్. వాడు తెలియక రాసుకుంటే నేనే మార్పించేవాణ్ణి. ఏడు వారాలు ఆమె మణికట్టు వాడి అరచేతిలో ఉంది. ఎవరి వేలు నొక్కిందో వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఆమె పేరు తీసింది వాడు. తిరిగి పెట్టాల్సిందీ వాడే."