పదో రోజుకి పల్లకీ

రాయగడ ఆసుపత్రిలో అత్యవసర విభాగం తలుపు పక్కనే ఫిజియోథెరపిస్టు విశాలాక్షి బల్ల. ఎముక విరగకుండా బెణికి వచ్చిన కాళ్లూ చేతులూ ఆవిడ వంతు. వేళ్లతో నొక్కి చూసి, "ఏం పని చేస్తారు?" అని అడిగి, ఏ రోజుకి నయమవుతుందో చీటీ మీద రాసిచ్చేది. పదేళ్లుగా ఆ లెక్క తప్పింది తక్కువ. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, అందుకే నడకలో కాస్త దర్జా ఉండేది.

2003లో విజయదశమి ఇంకా పది రోజులుందనగా కిరాణా సావుకారు ఉమాపతి కుంటుతూ వచ్చాడు. లారీలోంచి బెల్లం దింపిస్తూ చీలమండ బెణికించుకున్నాడు. కన్యకాపరమేశ్వరి అమ్మవారి పల్లకీకి మొదటి భుజం వాళ్ల ఇంటిదే. తాత పట్టాడు, తండ్రి పట్టాడు.

"దశమినాటికి భుజం పెట్టగలనేటమ్మా? నేకపోతే మా వంతు ఇంకోళ్లకి పోద్ది," అన్నాడు దిగులుగా.

"మీది కూర్సునే పనే కదా సావుకారు గారూ! పదో రోజుకి మోసేస్తారు," అని రాసిచ్చింది.

అదే పూట అలాంటి బెణుకుతోనే వచ్చిన కూరగాయల వరహాలమ్మకి, తిరిగే పని కాబట్టి, మూడు వారాలు రాసింది.

ఆరో రోజున వరహాలమ్మ నెత్తిన గంపతో చక్కా నడిచొచ్చింది. "నాకు తగ్గిపోనాది గానీ, సావుకారి కాలు సూసేరా? బూరెలా పొంగింది," అంది.

విశాలాక్షి తిన్నగా దుకాణానికి వెళ్లింది. ఉమాపతి గద్దె మీద బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. బెణికిన చీలమండ రెండో తొడ కింద నలుగుతోంది. పొద్దున్న కూర్చుంటే భోజనానికే లేవడం!

"తప్పు నాదండీ. ఏం పనని అడిగేను గానీ, ఎలా కూర్సుంటారని అడగలేదు. కుర్సీ వేసుకోండి. గంటకోసారి వీధి సివరిదాకా నడవండి."

"గద్దె పక్కన కుర్సీయా! మా తాత ఒప్పుకోడమ్మా," అంటూ దండ వేసిన పటం చూపించాడు.

లోపలి నుంచి అతని భార్య కస్తూరి కుర్చీ తెచ్చి ఠపీమని వేసింది. "తాతకి పల్లకీ కావాలో, గద్దె కావాలో నువ్వే అడుగు," అంది. ఉమాపతి గద్దె దిగి కుర్చీలోకి మారాడు.

దశమినాడు విశాలాక్షి వీధి మలుపులో నిలబడింది. భయంగానే ఉంది. పల్లకీ లేచింది. ఉమాపతి మెల్లగా, కుంటకుండా మలుపుదాకా మోసి తమ్ముడికి అందించాడు.

"మీ మాట నిలబడిందమ్మా!" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

ఆవిడకి సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది. "నిలబెట్టింది కస్తూరి," అంది.

మర్నాడు మోకాలు పట్టేసిన కంసాలి ఒకాయన వచ్చి, ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. విశాలాక్షి చీటీ పక్కన పెట్టి, నేల మీద చాప పరిచింది.

"ముందు మీ కొలిమి దగ్గర ఎలా కూర్సుంటారో కూర్సోండి," అని, తనూ ఎదురుగా కింద కూర్చుంది.